జీ బీని కిందికి దించడం: పిల్లలకు ఒక ఉత్తరం

చిన్నూ, బుజ్జీ,

రిమోట్‌తో ఎగిరే జీ బీ ఆర్-1 రేసు విమానం మోడల్ కొన్నారని మీ నాన్న చెప్పాడు, ఫొటోలు కూడా పంపాడు. ఎరుపు తెలుపు రంగులు, పక్కన 11 నంబరు, పొట్టి తోక, ఎంత ముద్దుగా ఉందో. ఎగరేసే ముందు మాత్రం ఈ ఉత్తరం చివరిదాకా చదవండి. మీరు నేర్చుకున్న ఫోమ్ ట్రైనర్‌ని దించేటప్పుడు థ్రాటిల్, అంటే మోటార్ శక్తి, మొత్తం తీసేసి ముక్కు కాస్త ఎత్తి పట్టుకుంటే చాలు, అదే తేలుతూ వచ్చి గడ్డిలో కూర్చునేది. అదే అలవాటుతో జీ బీని దించితే అది రన్‌వే దాకా రాదు, మధ్యలోనే ఒక రెక్క వాల్చి పడిపోతుంది. చక్రాలు నేలకి తగిలేదాకా దాని ప్రొపెల్లర్ లాగుతూనే ఉండాలి. ఎందుకో తెలియాలంటే ఆ ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోవాలి.

అసలు విమానాన్ని 1932 లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో గ్రాన్‌విల్ అన్నదమ్ములు కట్టారు. రేసు గెలవాలంటే బలమైన ఇంజన్ కావాలి, దానికోసం వాళ్లు ప్రాట్ అండ్ విట్నీ వాస్ప్ ఇంజన్ తెచ్చుకున్నారు. అది రేడియల్ ఇంజన్, సిలిండర్లు చుట్టూ గుండ్రంగా ఉంటాయి కాబట్టి ముందుభాగం ఎలాగూ వెడల్పుగా ఉండక తప్పదు. అలాంటప్పుడు వెనక శరీరాన్ని నీటిబొట్టు ఆకారంలో మెల్లగా సన్నబరుచుకుంటూ పోతే గాలి తక్కువగా అడ్డుపడుతుందని లెక్క వేసి, నమూనాని న్యూయార్క్ యూనివర్సిటీ విండ్ టన్నెల్‌లో పెట్టి చూశారు. అలా తయారైన విమానం పొడవు దాదాపు 5.4 మీటర్లు, రెక్కల వెడల్పు 7.6 మీటర్లు, పైలట్ సీటు దాదాపు తోకలోనే. చూస్తే పనసకాయకి రెక్కలు అతికించినట్టే ఉంటుంది.

నేనుండే ఈ క్లీవ్‌లాండ్‌లోనే 1932 సెప్టెంబర్‌లో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ దాన్ని నడిపి గంటకి 476 కిలోమీటర్ల వేగంతో నేల మీద దిగే విమానాల ప్రపంచ రికార్డు కొట్టాడు, రెండు రోజుల తర్వాత థాంప్సన్ ట్రోఫీ రేసు కూడా గెలిచాడు. ఆ తర్వాత దానికి చెడ్డపేరు వచ్చింది. 1933 లో బెండిక్స్ విమాన రేసులో రస్సెల్ బోర్డ్‌మన్ అనే పైలట్ ఇండియానాపోలిస్‌లో పెట్రోలు నింపుకుని లేస్తుండగా విమానం తలకిందులై పడిపోయింది, ఆయన బతకలేదు. అంతకు ముందు ఏడాదిన్నర క్రితమే వాళ్ల ఇంకో రేసర్‌లో, మోడల్ జెడ్‌లో, లోవెల్ బేల్స్ పోయాడు. దాంతో ఇది మనుషుల్ని చంపే విమానం అనే మాట ఇప్పటికీ తిరుగుతోంది. నేను ఆ మాట ఒప్పుకోను. డెల్మర్ బెంజమిన్ అనే పైలట్ తన భాగస్వామితో కలిసి దీని జంట విమానం ఆర్-2 కి సరిగ్గా నకలు కట్టించి, 1991 లో మొదటిసారి ఎగరేసి, తర్వాత ఏళ్ల తరబడి ఎయిర్‌షోల్లో దాంతో పల్టీలు కొట్టించాడు. రెక్కని నిటారుగా నిలబెట్టి, లావుపాటి శరీరం ఇచ్చే లిఫ్ట్ (గాలి పైకి మోసే బలం) మీదే పక్కకి తిరిగి ఎగిరేవాడు. అంటే విమానంలో దయ్యమేమీ లేదు, దాన్ని నెమ్మదించనివ్వకూడదు, అంతే.

ఇప్పుడు మీ మోడల్ సంగతి. తోక పొట్టిది కాబట్టి ముక్కు పక్కకి పోతే వెనక్కి తెచ్చే బలం తక్కువ. పైగా ముందున్న లావుపాటి శరీరం మీద గాలి పడి ముక్కుని ఇంకా పక్కకి తోస్తుంది. అసలు విమానానికే మొదటి ఫ్లైట్ తర్వాత తోక మీద నిలువుగా ఉండే ఫిన్ సరిపోలేదని పెంచాల్సి వచ్చింది. రెక్కలు చిన్నవి, వాటి మీద బరువు ఎక్కువ, అందుకే స్టాల్ వేగం, అంటే రెక్కలు ఇక మోయలేక విమానం పడిపోయే వేగం, ఎక్కువ. ఇక ముక్కు దగ్గర ఇంజన్ చుట్టూ ఉండే ఆ గుండ్రటి కౌలింగ్ ఉంది చూశారూ, థ్రాటిల్ తీసిన మరుక్షణం గాలి దాన్ని పట్టుకుని ఆపేస్తుంది. ట్రైనర్ థ్రాటిల్ తీశాక కూడా చాలా దూరం జారుతూ వెళ్తుంది, దీనికి అంత ఓపిక లేదు.

సీజీ, అంటే విమానం బరువు సమంగా నిలిచే చోటు, ఆ విషయంలో ఒక్క మిల్లీమీటరు కూడా వదలకండి. మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లో ముందు వైపు గీత దగ్గర బ్యాలెన్స్ అయ్యేలా బ్యాటరీని జరపండి, మొదటి కొన్ని ఫ్లైట్లకి అక్కడే ఉంచండి. ముక్కు కాస్త బరువుంటే విమానం మొద్దుగా ఎగురుతుంది, ఫరవాలేదు, దించుకోగలం. తోక బరువైతే ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక రెక్క) ముట్టుకుంటే చాలు ఎగిరెగిరి పడుతుంది, అప్పుడు ఎంత చెయ్యి తిరిగినవాళ్లయినా కాపాడటం కష్టం. ఎలివేటర్ కదలిక మాన్యువల్‌లో ఉన్న తక్కువ రేటులో పెట్టి, రిమోట్‌లో 30 శాతం దాకా ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఇవ్వండి, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది. రిసీవర్‌లో గైరో, అంటే విమానాన్ని నిలకడగా ఉంచే పరికరం, ఉంటే వాడండి, తప్పేం కాదు, గాలి కుదుపుల్ని అది బాగా సర్దుతుంది. కానీ వేగం లేని రెక్కకి గైరో లిఫ్ట్ తెచ్చిపెట్టలేదు, అది గుర్తుంచుకోండి. బరువు కూడా చూసుకోండి, స్టిక్కర్లనీ పెద్ద బ్యాటరీ అనీ 20 శాతం బరువు పెంచితే స్టాల్ వేగం దాదాపు 10 శాతం పెరుగుతుంది.

ఇది టెయిల్ డ్రాగర్, అంటే వెనక చిన్న చక్రం, ముందు రెండు పెద్ద చక్రాలు. థ్రాటిల్ ఒక్కసారి ఇస్తే ప్రొపెల్లర్ వల్ల ముక్కు ఎడమకి లాగుతుంది, మీరు కంగారుపడి కుడి రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు తోక పలక) ఎక్కువ ఇస్తారు, అది గిర్రున తిరిగి రెక్క నేలకి రాసుకుంటుంది. అందుకని థ్రాటిల్‌ని మెల్లగా పెంచుతూ కుడి రడ్డర్ కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి. మొదట్లో ఎలివేటర్ కాస్త వెనక్కి లాగి పట్టుకోండి, వేగం రాగానే వదలండి, తోక దానంతట అదే లేస్తుంది. అప్పుడు కూడా లాగేయకుండా ఇంకాస్త పరిగెత్తనివ్వండి, వేగం చాలినప్పుడు అదే లేస్తుంది. బలవంతంగా లేపితే ఎడమ రెక్క కిందికి కొట్టి తిరగబడుతుంది. రన్‌వే నున్నగా ఉన్న చోటికే వెళ్లండి, ఎందుకంటే చక్రాల మీదున్న ఆ అందమైన తొడుగులు పొడుగాటి గడ్డిలో ఇరుక్కుని విమానం ముక్కు మీద పడుతుంది.

పైకెళ్లాక ట్రిమ్ చేసుకోండి, అంటే స్టిక్ వదిలినా తిన్నగా ఎగిరేలా సర్దుకోండి, రెండు మూడు రౌండ్లు హాయిగా తిప్పండి, సంతోషించండి. ఆ తర్వాత మాత్రం ఒక పని తప్పకుండా చేయాలి. బాగా ఎత్తుకి, ఒక 250 అడుగులకి తీసుకెళ్లి, గాలికి ఎదురుగా పెట్టి, థ్రాటిల్ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఎత్తు పోకుండా ఎలివేటర్ లాగుతూ రండి. ఒక దగ్గర కంట్రోళ్లు మెత్తబడతాయి, స్టిక్ కదిపినా విమానం ఆలస్యంగా పలుకుతుంది, తర్వాత రెక్క వాలిపోతుంది. ఏ రెక్క వాలింది, అప్పుడు థ్రాటిల్ స్టిక్ ఎక్కడుంది, చూసి పెట్టుకోండి. దించేటప్పుడు మీ స్టిక్ ఆ చోటికి ఎప్పుడూ రాకూడదు, దానికి రెండు మూడు గీతలు పైనే ఉండాలి. ఈ పరీక్ష చేయకుండా ల్యాండింగ్‌కి రావడం నాకు అస్సలు ఇష్టం లేదు.

రెక్క వాలినప్పుడు చేయి దానంతటదే ఐలరాన్ (విమానాన్ని పక్కలకి వాల్చే రెక్క చివరి పలక) వైపు పోతుంది, దాన్ని ఆపుకోవాలి. వాలిన రెక్కని ఐలరాన్‌తో లేపాలని చూస్తే ఆ రెక్క ఇంకా లోతుగా స్టాల్ అవుతుంది. ఎలివేటర్ వదలండి, థ్రాటిల్ ఇవ్వండి, ఎదురు రడ్డర్ ఇవ్వండి, వేగం వచ్చాక ఐలరాన్ వాడండి. పైన పదిసార్లు చేస్తే వేళ్లకి తెలిసిపోతుంది.

ఇక దించడం. మొట్టమొదట, చివరి మలుపు దూరంగా పెట్టుకోండి. ట్రైనర్‌తో మీరు రన్‌వే పక్కనే టక్కున తిప్పి దించేవాళ్లు, వీడియోల్లో చూశాను. ఒకే ఎత్తులో ఉండేలా ఎలివేటర్ లాగుతూ 60 డిగ్రీలు వాల్చి తిప్పితే రెక్క మోయాల్సిన బరువు రెండింతలవుతుంది, స్టాల్ వేగం 40 శాతం పెరుగుతుంది. నెమ్మదిగా, కిందగా, ఆ మలుపులోనే ఎన్నో జీ బీ మోడళ్లు పోయాయి. పెద్ద చతురస్రంలా తిరగండి, వాలు తక్కువ, థ్రాటిల్ కాస్త ఎక్కువ.

తిన్నగా రన్‌వేకి ఎదురయ్యాక రెక్కల్ని సమంగా పట్టుకోండి. ఇక్కడి నుంచి ఎలివేటర్‌తో వేగం, థ్రాటిల్‌తో ఎత్తు. రన్‌వే దాకా రాకుండా ముందే దిగిపోతున్నట్టు అనిపిస్తే ముక్కు ఎత్తాలని మనసు చెబుతుంది, ఎత్తకండి, థ్రాటిల్ ఒక గీత పెంచండి. ఎత్తు ఎక్కువైతే ఒక గీత తగ్గించండి, పూర్తిగా తీసేయకండి. రడ్డర్‌తో ముక్కుని రన్‌వే వైపే ఉంచండి, ఆ బొటనవేలికి విశ్రాంతి లేదు. మోకాలెత్తుకి వచ్చాక విమానాన్ని నేలకి సమాంతరంగా తెచ్చి అలాగే ముందుకి నడిపించండి. ఆ వేగం చూస్తే భయం వేస్తుంది, ఇంత స్పీడులో ఎలా దింపడం అని. అదే సరైన వేగం. ముందు చక్రాలు రెండూ నేలకి తాకనివ్వండి, మూడు చక్రాల మీద ఒకేసారి కూర్చోబెట్టాలని చూడకండి. తాకగానే ఎలివేటర్‌ని ఏ మాత్రమో ముందుకి తోయండి, అప్పుడు గెంతదు. ఆ తర్వాతే థ్రాటిల్ మెల్లగా సున్నాకి. వేగం పోయి తోక దిగాక ఎలివేటర్ వెనక్కి లాగి పట్టుకోండి, రడ్డర్ వదలకండి, చాలామంది దిగేశాం అని చేయి వదిలేది అక్కడే, గిర్రున తిరిగేది కూడా అక్కడే.

ఒకవేళ గెంతితే సరిచేయాలని చూడకండి. థ్రాటిల్ మెల్లగా పెంచి, కుడి రడ్డర్‌తో పట్టుకుని, మళ్లీ ఒక రౌండ్ వేసి రండి. అందుకే బ్యాటరీలో 30 శాతం మిగిలేలా టైమర్ పెట్టుకోమంటున్నాను, మూడుసార్లు మళ్లీ ప్రయత్నించే వీలుంటే టెన్షన్ ఉండదు, టెన్షన్ లేకపోతే చేతులు బాగా పనిచేస్తాయి. బ్యాటరీ అయిపోయి మోటార్ గాల్లోనే ఆగిపోతే మాత్రం ఆలోచించకుండా ముక్కు కిందికి వంచండి, రన్‌వే దొరకకపోయినా సరే, రెక్కలు సమంగా ఎదురుగా ఉన్న గడ్డిలోకి దించేయండి. వెనక్కి తిప్పి రన్‌వే అందుకోవాలని చూడొద్దు.

మీ నాన్నతో ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించి నంబరు విమానం మీద అంటించండి, 250 గ్రాములు దాటింది కాబట్టి తప్పనిసరి. ట్రస్ట్ అనే భద్రతా పరీక్ష మీరిద్దరూ రాయాలి, అది ఉచితమే. క్లబ్ ఫీల్డ్‌లోనే ఎగరేయండి, అక్కడున్న పెద్దవాళ్లలో జీ బీ నడిపినవాళ్లు ఉంటే మొదటి ఫ్లైట్ ట్రిమ్ చేసిపెట్టమని అడగండి. అది చిన్నతనమేమీ కాదు.

శనివారం వెళ్తారట కదా. గాలి గంటకి 8 మైళ్లు దాటినా, రన్‌వేకి అడ్డంగా వీస్తున్నా ఆరోజు ట్రైనర్ ఎగరేసుకుని వచ్చేయండి. వెళ్లే ముందు బ్యాటరీతో సహా తూకం వేసి, సీజీ ఎక్కడ నిలబడిందో ఫొటో తీసి నాకు పంపండి, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న