ఒక్క బిళ్ళకి ఎన్ని ఇంటిపేర్లు?

శ్రీకాకుళంలో ఒక మెడికల్ వార్డు, ఉదయం ఎనిమిది గంటల మందుల వేళ. నర్సింగ్ రెండో ఏడాది చదివే అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి, గుండెపోటు నుంచి తేరుకుంటున్న తాతకి చిన్న బిళ్ళ ఇచ్చింది. స్ట్రిప్ మీద ఆస్పిరిన్ 75 మి.గ్రా. అని ఉంది. తాత దాన్ని అరచేతిలోనే ఉంచుకుని, "ఇది నొప్పుల బిళ్ళ గదమ్మా. నాకు నొప్పి తగ్గిపోనాది. మల్లీ ఎందుకిస్తన్నారు?" అన్నాడు.

ఆ పిల్ల, వాళ్ళకి పాఠం చెప్పే నా దగ్గరికొచ్చింది. "మేడమ్, పుస్తకంలో ఆస్పిరిన్ అనాల్జెసిక్స్‌లో ఉంది, యాంటీప్లేట్‌లెట్స్‌లో ఉంది, ఎన్‌సెయిడ్స్‌లోనూ ఉంది. పరీక్షలో ఏది రాయాలి?"

మొదటిది నొప్పి తగ్గించే మందుల వర్గం, రెండోది రక్తం గడ్డకట్టకుండా చూసేవి, మూడోది వాపు తగ్గించేవి. తాతకీ పిల్లకీ ఎదురైన చిక్కు ఒకటే. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మందుల్ని వర్గాలుగా విడగొట్టడం ఎవరో ఒకరు ఒక్కసారి కూర్చుని చేసిన పని కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ప్రశ్నలు వేసుకుని చేశారు. ఆ జవాబులన్నీ ఇవాళ్టి ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి గానీ, ఏది ఏ ప్రశ్నకి జవాబో పుస్తకం చెప్పదు.

అన్నిటికన్నా పాత ప్రశ్న తాతదే: ఇది దేనికి? చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో మందు ద్రవ్యాల్ని యాభై గుంపులు చేసి, గుంపుకి పది చొప్పున చెప్పారు. వాటిలో కొన్ని పేర్లు చూడండి: జ్వరహరం, కాసహరం, శ్వాసహరం, శూలప్రశమనం. మనం బట్టీపట్టే యాంటీపైరెటిక్ (జ్వరం తగ్గించేది), యాంటీటస్సివ్ (దగ్గు తగ్గించేది) అన్న మాటలదీ ఇదే పద్ధతి, భాష ఒక్కటే మారింది. రోగికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంతకంటే మంచి వర్గీకరణ లేదు. అయితే మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో ఇందులో తెలియదు.

రెండో ప్రశ్న పందొమ్మిదో శతాబ్దంలో రసాయన శాస్త్రంతో వచ్చింది: ఇది ఏ పదార్థం? నల్లమందు నుంచి మార్ఫిన్‌ని విడదీసిన కాలం అది. ఓపియేట్లు, సాలిసిలేట్లు, బార్బిట్యురేట్లు అన్న పేర్లన్నీ ఆ ప్రశ్నకి జవాబులే. ఇందులో సల్ఫాల వంశవృక్షం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వార్డులో దీనితో రోజూ పని పడుతుంది. 1935లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్రరంగు పదార్థం సూక్ష్మజీవుల జబ్బుల్ని తగ్గిస్తుందని ప్రకటించాడు. సల్ఫా మందుల కథ అక్కడ మొదలైంది. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో టైఫాయిడ్ రోగులకి ఒక సల్ఫా మందు ఇస్తే షుగర్ పడిపోయింది. ఆ ఇబ్బందిని పట్టుకుని వెళితే షుగర్ జబ్బుకి మందు దొరికింది. అవే సల్ఫొనైల్‌యూరియాలు, మనం వాడే గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్. సల్ఫా వాడినవాళ్ళ మూత్రంలో వచ్చిన మార్పు వెంట మరికొందరు వెళ్ళారు. అసిటజోలమైడ్, 1950ల చివర్లో థయజైడ్లు, తర్వాత ఫ్యూరోసెమైడ్ అలా వచ్చాయి. ఒక తల్లి పిల్లలే, ఒకరు యాంటీబయాటిక్ అరలో, ఒకరు షుగర్ అరలో, ఒకరు నీరు తీసే మందుల అరలో ఉన్నారు.

కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో 'సల్ఫా అలర్జీ' అని ఉంటే ఫ్యూరోసెమైడ్ ఇవ్వొచ్చా అని పిల్లలు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. యాంటీబయాటిక్ సల్ఫా పడనివాళ్ళకి ఇవీ పడవని లేదు, చాలామందికి ఇబ్బంది ఉండదు. అయినా డాక్టరుకి ఆ మాట గుర్తుచేసి, ఆయన సరేనన్నాకే ఇవ్వాలి.

మూడో ప్రశ్న: ఇది ఎక్కడ పట్టుకుంటుంది? 1948లో అమెరికాలో రేమండ్ ఆల్క్విస్ట్ అడ్రినలిన్‌కి ఒంట్లో రెండు రకాల గ్రాహకాలు, అంటే అది వచ్చి పట్టుకునే చోట్లు, ఉండాలన్నాడు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. చాలా ఏళ్ళపాటు ఆ మాటని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జేమ్స్ బ్లాక్ పట్టించుకున్నాడు. 1960ల్లో ఆయన బృందం బీటా గ్రాహకాన్ని మూసేసే మందు (బీటా బ్లాకర్) ప్రొప్రనొలాల్ తయారుచేసింది. 1988లో ఆయనకి నోబెల్ వచ్చింది. నా మటుకు నర్సుకి అన్నిటికన్నా అక్కరకొచ్చే వర్గీకరణ ఇదే. బీటా గ్రాహకం గుండెలోనూ ఉంది, ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ ఉంది అని ఒక్కసారి తెలిస్తే, బీటా బ్లాకర్ ఇచ్చే ముందు నాడి ఎందుకు చూడాలో, ఆస్తమా ఉందా అని ఎందుకు అడగాలో వేరే బట్టీపట్టక్కర్లేదు. ఆయాసంలో సాల్బ్యుటమాల్ ఇస్తే గుండె దడదడలాడేదీ అందుకే. బ్లాకర్ మూసే తలుపునే అది తెరుస్తుంది.

ఆస్పిరిన్ ఎక్కడ పట్టుకుంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1899లో బేయర్ కంపెనీ ఆ పేరుతో అమ్మకానికి పెట్టింది. అది నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని జాన్ వేన్ చూపించింది 1971లో. అంటే డెబ్బై ఏళ్ళకి పైగా మందు వాడకంలో ఉంది, పనిచేసే చోటు మాత్రం తేలలేదు. రక్తాన్ని గడ్డకట్టించే కణం ప్లేట్‌లెట్‌కి కేంద్రకం ఉండదు కాబట్టి, ఆ తయారీకి కావలసిన ఎంజైమ్‌ని ఆస్పిరిన్ కొట్టేస్తే దాన్ని అది మళ్ళీ తయారు చేసుకోలేదు. ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్ళూ, అంటే వారం పది రోజులు, గడ్డకట్టే పనిలో వెనకబడే ఉంటుంది. అందుకే 75 మి.గ్రా. చాలు. నొప్పికైతే అంతకి కొన్ని రెట్లు వేయాలి. ఆ పిల్ల తిరిగి వెళ్ళి, "తాతా, ఇది నొప్పికి కాదు, గుండె నరంలో రక్తం గడ్డ కట్టకుండా" అంటే తాత వెంటనే మింగేశాడు.

ఎన్‌సెయిడ్ అన్న పేరు మరీ చిత్రం. 1949లో కీళ్ళవాతానికి కార్టిజోన్ ఇస్తే మంచానపడ్డవాళ్ళు లేచి నడిచారు. తర్వాత స్టిరాయిడ్ల చెడు ఒక్కొక్కటే బయటపడింది. అప్పుడు 'వాపు తగ్గిస్తుంది గానీ స్టిరాయిడ్ కాదు' అని చెప్పుకోడానికి ఆ పేరు వచ్చింది. తను ఏది కాదో చెప్పే పేరు అది. పేరు చూసి లోపలి సంగతి ఊహించడానికి ఏమీ దొరకదు.

ఇక పేర్ల చివరలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకి అంతర్జాతీయ జెనరిక్ పేర్ల తొలి జాబితాని 1953లో ప్రచురించింది. ఒక కుటుంబం మందులకి ఒకే తోక ఉండేలా చూస్తారు: ఒలాల్, ప్రిల్, సార్టాన్, డిపిన్, ఫ్లాక్సాసిన్. మనకి ఇంటిపేరు ముందుంటుంది, మందులకి ఎక్కువగా చివర ఉంటుంది. సెఫ్‌తో మొదలయ్యే సెఫ్ట్రయాక్సోన్, సెఫిక్సిమ్ లాంటివి మాత్రం మన పద్ధతిలోనే ఉన్నాయి. ఈ తోకల్ని గుడ్డిగా నమ్మకూడదు. మైసిన్ అంటే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుంచి వచ్చిందని గుర్తు, అంతే. అజిత్రోమైసిన్, స్ట్రెప్టోమైసిన్, వాంకోమైసిన్ మూడూ మూడు వేరే వర్గాలు. జెంటామైసిన్ ఇంకో సూక్ష్మజీవి నుంచి వచ్చింది కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా పెట్టారు. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా కనపడదు.

ఈ ప్రశ్నలన్నిటినీ ఒకే వరసలో పేర్చిన పని నార్వేలో జరిగింది. 1970ల్లో అక్కడ మొదలైన ఏటీసీ అనే మందుల వర్గీకరణ కోడ్‌కి 1982 నుంచి ఓస్లోలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేంద్రం ఉంది. మెట్‌ఫార్మిన్ కోడ్ ఎ10బిఎ02. మొదటి ఎ జీర్ణకోశం, జీవక్రియ. 10 షుగర్ జబ్బు. బి ఇన్సులిన్ కాని మందులు. తర్వాతి ఎ బైగ్వనైడ్లు. 02 మెట్‌ఫార్మిన్. అవయవం, జబ్బు, రసాయనం, చివరికి మందు. నొప్పి మాత్రగా ఆస్పిరిన్‌కి ఎన్02బిఎ01, ప్లేట్‌లెట్ మందుగా బి01ఎసి06. పుస్తకం దాన్ని ఒకటికి మించి చోట్ల రాయడం పొరపాటు కాదని ఆ పిల్లకి అప్పుడు నమ్మకం కుదిరింది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషితో వచ్చిన మెథోట్రెక్సేట్‌దీ ఇదే సంగతి. క్యాన్సర్ వార్డులో ఒక వర్గం, కీళ్ళవాతం క్లినిక్‌లో ఇంకో వర్గం. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే ఇవ్వాలి. రోజూ ఇస్తే ప్రాణం పోతుంది.

చట్టం అడిగే ప్రశ్న వేరు: దీన్ని ఎవరు, ఏ చీటీ మీద ఇవ్వొచ్చు? డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్ అదే చెబుతుంది. 2014 మార్చి నుంచి హెచ్1 వచ్చింది. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్రమాత్రలు అందులో చేరాయి, షాపువాళ్ళు వాటికి వేరే రిజిస్టర్ రాయాలి. నొప్పి మందు ట్రమడాల్ అయితే 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వెళ్ళింది. దాని రసాయనం అదే, పెట్టాల్సిన బీరువా మారింది.

మా జిల్లాలో ఈ చదువు ఎందుకంత అవసరమో ఉద్దానం చెబుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎంతోమందికి వచ్చే కిడ్నీ జబ్బుకి మూలం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం ఏదైనా, దెబ్బతిన్న కిడ్నీకి ఎన్‌సెయిడ్ మరో దెబ్బ. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు తెరిచి ఉంచుతాయి, ఈ మందులు వాటినే ఆపేస్తాయి. పైగా ప్రిల్ తోక ఉన్న బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర కూడా పడుతుంటే మూడూ మూడువైపుల నుంచి నొక్కుతాయి.

తాత సంగతి జరిగిన నెలలోనే పలాస వైపు జీడిపిక్కల పని చేసే ఒకామె వార్డులో చేరింది. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. ఆ పిల్ల ఆమె సంచిలోని స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి, పెద్దక్షరాల బ్రాండు పేరు వదిలేసి, కింద సన్నగా ఉన్న పేర్లు చదివింది. ఒకటి డైక్లోఫెనాక్. ఒకటి అసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపింది. మరొకటి బీపీకి ఎనలాప్రిల్. మొదటి రెండూ ఊళ్ళో వేర్వేరు చోట్ల కొన్నవి, రెండిటికీ తోక ఒకటే, కోడ్‌లో ఎం01ఎబి వరకూ ఒకటే. డాక్టరుకి చూపిస్తే రెండూ ఆపేసి నొప్పికి ఒట్టి పారాసెటమాల్ రాశారు.

"పెద్దమ్మా, ఈ రెండూ ఒకటే మందు లాంటివి. ఎవరిచ్చినా వేసుకోకు" అంది పిల్ల.

ఆమె రెండు స్ట్రిప్పులూ తీసి వెలుతురుకి పట్టుకు చూసింది. ఒకదాంట్లో పచ్చ బిళ్ళలు, ఒకదాంట్లో తెల్లవి.

"రంగు ఏరే గదమ్మా. ఒకటే అని నాకేటి తెల్సు?"