మా అన్నయ్యకు తమ్ముడు లేడు

అన్నయ్య ఉన్న నాలుగేళ్ల పిల్లవాణ్ణి ‘నీకు అన్నయ్య ఉన్నాడా?’ అని అడిగితే ఉన్నాడని వెంటనే చెప్పి, అడగకుండానే పేరు కూడా చెబుతాడు. ‘మరి మీ అన్నయ్యకు తమ్ముడు ఉన్నాడా?’ అని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి, చాలాసార్లు లేడనే అంటాడు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే (1896–1980) జెనీవా పిల్లలను ఇటువంటి ప్రశ్నలే అడిగి, వారి జవాబులను 1924లో వెలువరించిన పుస్తకంలో చర్చించాడు. అన్నయ్య స్థానంలో నిలబడి చూస్తే తాను కూడా ఒకరికి తమ్ముడిగా కనబడతానన్న సంగతి ఆ పిల్లవాడి ఆలోచనలోకి ఇంకా రాలేదు. పియాజే దీనిని అహంకేంద్రకత అన్నాడు. ఇది స్వార్థం కాదు. స్వార్థపరుడికి ఎదుటివాడి దృష్టి తెలుసు, తెలిసే దానిని పక్కన పెడతాడు. చిన్నపిల్లవాడికి తనది కాని దృష్టి ఒకటి ఉంటుందనే తెలియదు.

గోదావరి డెల్టాలో నలుగురైదుగురు పెద్దవాళ్లున్న ఇంటిని గమనిస్తే ఈ విషయం ఇంకో వైపునుంచి కూడా కనబడుతుంది. తాతగారు తన సొంత కొడుకును గురించి మనవడితో ‘నాన్నను భోజనానికి పిలు’ అంటారు. మామ్మ తన కోడలిని ‘అమ్మ’ అనే చెబుతుంది. పెద్దలందరూ తమ వరసలు వదులుకొని పిల్లవాడి వరసలోకి దిగివచ్చి మాట్లాడుతున్నప్పుడు, పిల్లవాడు తన చోటునుంచి కదలవలసిన అవసరం తక్కువ. బాబాయి పిలిచినట్టే కన్నతల్లిని ‘వదినా’ అని పిలిచే పసివాళ్లు ఉంటారు గాని, అది విన్న మాటను తిరిగి అనడమే తప్ప బాబాయి దృష్టిని అందుకోవడం కాదని నా అభిప్రాయం.

పియాజే చెప్పిన నాలుగు దశలు డీఎస్సీకి చదివేవారికి కంఠస్థమే కాబట్టి వాటిని క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పుట్టినప్పటినుంచి రెండేళ్ల వరకు ఇంద్రియ చాలక దశ, రెండునుంచి ఏడేళ్ల వరకు పూర్వప్రచాలక దశ, ఏడునుంచి పదకొండు వరకు మూర్త ప్రచాలక దశ, ఆ తరువాత అమూర్త ప్రచాలక దశ. ప్రచాలకం అంటే మనసులోనే తర్కబద్ధంగా చేసే పని. అహంకేంద్రకత బాగా కనబడేది రెండవ దశలో. గ్లాసులోని బొండం నీళ్లను సన్నటి పొడుగాటి గ్లాసులోకి పోస్తే ఎక్కువయ్యాయని పిల్లవాడు అనుకొనేదీ ఆ దశలోనే. అక్కడ కూడా ఎత్తు అనే ఒక్క లక్షణానికి కట్టుబడిపోయి వెడల్పును లెక్కలోకి తీసుకోడు. ఏ వయసులో ఏ దశ అన్నది పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టవచ్చు గాని, పియాజేకు వయసులకన్నా దశల వరుస ముఖ్యం.

అహంకేంద్రకతకు ప్రసిద్ధమైన పరీక్ష పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్ కలిసి 1948లో ప్రకటించిన మూడు కొండల పరీక్ష. బల్లమీద మూడు కొండల నమూనా పెట్టి, అవతలివైపు కూర్చున్న బొమ్మకు ఆ కొండలు ఎలా కనబడతాయో చూపే చిత్రాన్ని ఎంచుకోమంటే, ఆరేడేళ్ల లోపు పిల్లలు ఎక్కువగా తమకు కనబడేదే ఎంచుకొన్నారు. పాపికొండలు దాటి వచ్చిన గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలిన తరువాత సముద్రం దాకా చదును నేలే గనుక, కొండ అంటే బొమ్మల్లో తప్ప చూడని లంక గ్రామపు పిల్లవాడు ఈ పరీక్షలో తప్పితే ఆ తప్పు అతడి ఆలోచనదా, పరీక్షదా?

ఇటువంటి సందేహంతోనే 1970లలో ఎడిన్‌బరోలో మార్టిన్ హ్యూస్ వేరే పరీక్ష తయారుచేశాడు. అడ్డంగా నిలువుగా కలిసిన రెండు గోడలు, పోలీసు బొమ్మలు, వారికి కనబడకుండా దాక్కోవలసిన ఒక కుర్రవాడి బొమ్మ. మూడున్నరనుంచి ఐదేళ్ల వయసు పిల్లల జవాబుల్లో నూటికి తొంభై వరకు సరైనవే వచ్చాయి. మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో దీనికి ఇచ్చిన వివరణ సూటిగా ఉంటుంది: దాక్కోవడంలోని ఉద్దేశం పిల్లలకు తెలుసు, కొండల చిత్రం ఎంచుకోవడంలోని ఉద్దేశం తెలియదు. గడ్డిమేటు వెనక దాగుడుమూతలు ఆడే పిల్లలను చూసినవారికి ఇది వింతగా తోచదు. అయితే కొండల పరీక్ష అడిగేది ఇంకా కష్టమైనదన్న సంగతి కూడా మరిచిపోకూడదు. ఎదుటివాడికి ఒక వస్తువు కనబడుతుందా లేదా అన్నది ఒక మెట్టు, ఎలా కనబడుతుందన్నది పై మెట్టు. ఈ తేడాను జాన్ ఫ్లావెల్ స్పష్టంగా విడదీశాడు.

దాగుడుమూతల్లోనే మరో చిత్రం ఉంది. మూడేళ్ల పిల్ల వాకిట్లో నిలబడి రెండు చేతులతో కళ్లు మూసుకొని, దాక్కున్నానంటుంది. తనకు కనబడనిది ఇతరులకూ కనబడదని అనుకుంటోందని మనం సులువుగా తేల్చేస్తాం. కేంబ్రిడ్జిలో జేమ్స్ రసెల్ బృందం 2012లో ప్రకటించిన పరిశోధనలో, కళ్లు మూసుకొన్న పిల్లలు తమ ఒళ్లు ఎదుటివారికి కనబడుతోందని ఒప్పుకొంటూనే, ‘నేను’ మాత్రం కనబడడం లేదన్నారు. చూపు చూపు కలిస్తేనే ఒకరు మరొకరికి కనబడినట్టన్న ఆలోచన దీని వెనక ఉండవచ్చు. పాత వివరణకన్నా ఇది నాకు చాలా నచ్చుతుంది.

కుడి ఎడమల సంగతి ఇంకా నెమ్మది. పియాజే లెక్కలో, ఐదేళ్లకు తన కుడిచేయి తెలుస్తుంది, ఎదురుగా ఉన్నవారి కుడిచేయి ఏదో తెలియడానికి ఎనిమిదేళ్లు రావాలి. నరసాపురంనుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి పాయ అయిన వశిష్ఠను దాటే పిల్లవాడికి ఎక్కిన రేవు ఇవతలి ఒడ్డు. తిరుగు ప్రయాణంలో అదే అవతలి ఒడ్డవుతుంది. నీటిపారుదల ఇంజనీర్లు ఈ చిక్కంతా లేకుండా, నీరు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడినవాడి కుడి ఎడమలనే నదికి కుడి ఎడమ గట్లుగా తీసుకొంటారు గనుక నరసాపురం ఎప్పుడూ కుడి గట్టే. చూసేవాడు ఎక్కడున్నా మారని చోటునుంచి చూడడం చాలా ఆలస్యంగా వచ్చే నేర్పు.

పిల్లలు పక్కపక్కనే ఆడుకొంటూ, వినేవారితో నిమిత్తం లేకుండా ఎవరికి వారే మాట్లాడుకోవడాన్ని కూడా పియాజే అహంకేంద్రక భాష అన్నాడు. వయసుతో అది అంతరించిపోతుందని ఆయన భావించగా, రష్యా శాస్త్రజ్ఞుడు లెవ్ వైగోత్‌స్కీ (1896–1934) అది లోపలి మాటగా, అంటే మౌనంగా సాగే ఆలోచనగా మారుతుందన్నాడు. పనిలో ఆటంకం వచ్చినప్పుడు ఆ మాటలు బాగా పెరగడాన్ని ఆయన గమనించాడు. కొబ్బరి మట్టతో బ్యాటు చేసుకొంటున్న ఐదేళ్లవాడు మట్ట చీలిపోయినప్పుడే ఎక్కువగా తనలో తాను మాట్లాడుకోవడం ఈ వాదానికే బలమిస్తుంది. పైగా నాలుగేళ్ల పిల్లలు రెండేళ్లవారితో పొట్టి వాక్యాల్లో మాట్లాడతారని షాట్జ్, గెల్మన్ అనే పరిశోధకులు 1973లోనే చూపించారు. చెల్లెలిని చంకనెత్తుకొన్న అక్కను చూస్తే, వినేవారి స్థాయి తెలియని మాటలు కావవి అని అర్థమవుతుంది.

అలాగని ఏడేళ్లు నిండగానే అహంకేంద్రకత పోయినట్టు కాదు. తన చూపుతో మొదలుపెట్టి తరువాత సవరించుకోవడమే పెద్దలు కూడా చేసేదనీ, ఆ సవరణలో మాత్రమే వారు పిల్లలకన్నా వేగమనీ ఎప్లీ, కేసర్ తదితరులు 2004లో చూపించారు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి ‘ఆ కాలవ గట్టున తిన్నగా పోయి, మన కరణంగారి పాత ఇంటి దగ్గర తిరగండి’ అని దారి చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బడి ఆవరణలో పిల్లలకు ఎదురుగా నిలబడి ‘కుడిచేయి పైకి’ అంటూ అనుభవమున్న డ్రిల్లు మాస్టారు తన ఎడమచేయి ఎత్తుతారు. కొత్తగా చేరినవారు తమ కుడిచేయే ఎత్తి, ఒకటో తరగతి పిల్లలంతా అద్దంలోలాగ ఎడమచేతులు లేపితే వారినే కోప్పడతారు.