నవలను ‘ఉన్నదున్నట్టు’ తీయడం గురించి: అపోహలు - వాస్తవాలు

సైన్స్ ఫిక్షన్ నవల ఏదైనా సిరీస్‌గా వస్తోందంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే: “ఉన్నదున్నట్టు తీస్తున్నారా, మార్చేశారా?” ఆ భయం నాకు అర్థమవుతుంది. పదిసార్లు చదివిన పుస్తకం మీద ప్రేమ అది. కానీ స్క్రిప్టు రాయడానికి కొత్తగా వచ్చేవాళ్లు కూడా ఇదే ప్రశ్న పట్టుకుని పనిలోకి దిగుతున్నారు. ఎక్కువ నష్టపోయేది వాళ్లే.

అపోహ: సంఘటనలన్నీ వరసగా ఉంచితే నవలకు న్యాయం చేసినట్టే.

వాస్తవం: సంఘటనలన్నీ ఉన్నా నవల తెర మీదికి రాకపోవచ్చు. ఈ తరహా నవలల్లో బరువంతా ఆలోచన మీద, కాలం మీద ఉంటుంది. ఆలోచనకు కెమెరా పెట్టలేం. దాన్ని మోసే మనిషి కావాలి.

ఒక గెలాక్సీ సామ్రాజ్యం కూలిపోవడం గురించి ఐజాక్ అసిమోవ్ రాసిన ‘ఫౌండేషన్’ నవల చూడండి. 1942 నుంచి పత్రికలో విడివిడి కథలుగా వచ్చింది. కథకూ కథకూ మధ్య దశాబ్దాలు గడిచిపోతాయి, మనుషులు మారిపోతారు. చదివేటప్పుడు అదే దాని అందం. టీవీలో రెండు ఎపిసోడ్లకోసారి అందరూ కొత్తవాళ్లే అయితే చూసేవాళ్లు ఎవరితో ప్రయాణం చేస్తారు? 2021లో మొదలైన సిరీస్‌లో అందుకే నవలలో లేని క్లోన్ చక్రవర్తుల వంశాన్ని పెట్టారు. తరాలు మారినా సింహాసనం మీద అదే ముఖం. మారడానికి ఒప్పుకోని సామ్రాజ్యం ఎలా కూలుతుందో ఒక నటుడి ముఖంలోనే కనిపిస్తుంది. ఆ సిరీస్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఈ మార్పు మాత్రం నవల లోపలి నుంచి పుట్టిందే.

రచయిత పక్కనుంటే ఏదీ మారదనేదీ తప్పే. ‘ది ఎక్స్‌పాన్స్’ అనే అంతరిక్ష నవలల్లో క్రిస్జెన్ అవసరాల అనే రాజకీయ నాయకురాలి పాత్ర రెండో నవలలో వస్తుంది, వాటి ఆధారంగా తీసిన సిరీస్‌లో మొదటి ఎపిసోడ్‌లోనే ఉంటుంది. కథంతా భూమికీ, అంగారకుడి లాంటి ఇతర చోట్ల ఉండేవాళ్లకీ మధ్య గొడవ; భూమి తరఫున మాట్లాడే మనిషి లేకపోతే అది సగమే కనిపిస్తుంది మరి. ఆ నవలలు రాసిన ఇద్దరూ సిరీస్ రైటర్స్ రూమ్‌లోనే, అంటే స్క్రిప్టు రాసే బృందంలోనే పనిచేశారు.

నేను కూడా మొదట్లో సంఘటనలన్నీ ఉంచితే చాలనుకున్నాను. ఒక నవల చేతికిస్తే అధ్యాయానికో కార్డు రాసి గోడంతా అంటించాను. నాలుగు నెలలు పట్టింది. ఒక్కటీ వదల్లేదని ఎంతో తృప్తిగా ఉండేది. నటీనటులంతా కూర్చుని స్క్రిప్టు చదివే రీడింగ్ రోజు ఒక నటి మూడో సీన్ దగ్గర ఆగి, “ఇక్కడ ఈవిడకి ఏం కావాలండీ?” అని అడిగింది. ఆ సీన్‌లో ఆవిడ చేసేదల్లా కాంతివేగం గురించి రెండు పేజీలు చెప్పడమే. నా దగ్గర జవాబు లేదు. తర్వాత తిరగరాశాను: ఆరేళ్ల కిందట కూతురు పంపిన సందేశం తల్లికి ఇప్పుడు చేరింది, ఆమె వింటోంది. కాంతివేగం అన్న మాటే రాలేదు. అందరికీ అర్థమైంది.

అలాగని సైన్స్ తీసేస్తేనే జనం చూస్తారనుకోవద్దు. ‘ఎక్స్‌పాన్స్’లో అంతరిక్ష ఓడ ఇంజిన్ తోసినంతసేపే కాళ్లు నేల మీద ఉంటాయి, ఆపితే మనుషులు తేలిపోతారు. ఎవరూ పాఠం చెప్పరు.

ఎపిసోడ్లు ఎక్కువైతే అన్నీ పడతాయా? చైనా రచయిత లియు సిషిన్ నవల ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ను చైనాలో 2023లో 30 ఎపిసోడ్లుగా తీశారు. 2024లో నెట్‌ఫ్లిక్స్ మొదటి సీజన్‌ను 8 ఎపిసోడ్లలో ముగించి, తర్వాతి నవలల పాత్రలను కూడా ముందుకు తెచ్చింది. కథ దేని మీద నిలబడాలో తేల్చుకున్నాకే ఎపిసోడ్ల లెక్క వస్తుంది. బడ్జెట్ సంగతీ అంతే.

నవల రాసినవాళ్లకు ఒక మాట. హక్కులు తీసుకున్నారంటే సిరీస్ వచ్చేసినట్టు కాదు. చాలాసార్లు అది ఆప్షన్ మాత్రమే, అంటే ఒక గడువులోపు హక్కులు కొనుక్కునే అవకాశం. గడువు దాటితే సాధారణంగా మళ్లీ మీ చేతికే వస్తుంది. ఎన్నో ఆప్షన్లు అలాగే ముగుస్తాయి, అందులో మీ నవల తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. సంతకం పెట్టేముందు మాత్రం గడువు తేదీ, పొడిగింపు షరతులు రెండుసార్లు చదవండి.