సహాయం కోరడం వెనుక ఏముంది?

బాధ భరించరానంతగా పెరిగినప్పుడే మనిషి మానసిక నిపుణుణ్ణి వెతుక్కుంటూ వెళ్తాడని సాధారణంగా అనుకుంటాం. తన అనుభవాలకు అర్థాన్ని మనిషి తానే నిర్మించుకుంటాడని చెప్పే నిర్మాణవాద మనోవిజ్ఞానం దీన్ని పూర్తిగా ఒప్పుకోదు. ఏళ్ల తరబడి తీవ్రమైన కష్టంతో నెట్టుకొచ్చేవారు ఎవరినీ సంప్రదించకపోవచ్చు. అందరూ అభినందించే ప్రమోషన్ వచ్చిన తరువాత మరొకరు నిద్రకు దూరమై సహాయం కోరవచ్చు. తనకు జరుగుతున్నది తనకే అర్థం కాకుండా పోయినప్పుడు మనిషి సహాయం కోసం చూస్తాడన్నది ఈ దృక్పథం.

దీనికి సమగ్రమైన రూపమిచ్చినవారిలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ కెల్లీ (1905–1967) ముఖ్యుడు. 1955లో రెండు సంపుటాలుగా వెలువరించిన సిద్ధాంతంలో ఆయన, ప్రతి మనిషీ శాస్త్రవేత్తలాగే జరగబోయేదాన్ని ముందుగా ఊహించి, ఆ ఊహను అనుభవంతో సరిచూసుకుంటాడని ప్రతిపాదించాడు. ఆ ఊహలకు ఆధారం ఎవరికి వారు కట్టుకున్న ద్వంద్వాలు, అంటే మంచి–చెడు వంటి పరస్పర వ్యతిరేక జంటలు. ఎదురవుతున్న సంఘటనల్లో చాలా భాగం వాటి పరిధిలో ఇమడడం లేదని తెలిసిరావడమే కెల్లీ నిర్వచనంలో ఆందోళన. అనుభవం పదేపదే కాదంటున్నా అదే ఊహను వాడుతూ పోవడాన్ని ఆయన రుగ్మత అన్నాడు.

మనుషులను బలవంతులు, బలహీనులు అని రెండుగానే చూసే వ్యక్తి ఒకడున్నాడనుకుందాం. తల్లి మరణించిన కొన్ని నెలలకు, ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా అతడికి ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొస్తుంది. ఏడ్చాడు కాబట్టి బలవంతుడు కాడు. బలహీనుడంటే, ఇన్నాళ్లూ తాను జాలిపడిన వాళ్లలో ఒకడు. మూడో చోటు అతడికి లేదు. అందుకే నిపుణుడి ముందు కూర్చుని ‘ఈ ఏడుపు ఆగిపోవాలి’ అంటాడే గాని తల్లి ప్రస్తావన తీసుకురాడు. ఆ కోరిక కూడా ఆ ద్వంద్వంలో నుంచి పుట్టినదే మరి. అపాయింట్‌మెంట్లు వాయిదా వేయడం, మధ్యలో మానేయడం వంటివాటిని మొండితనమని తీసిపారేయకుండా, అతడు దేన్ని కాపాడుకుంటున్నాడని ఆరా తీయడం ఈ దృక్పథంలో నాకు కనిపించే గొప్ప సుగుణం. అయితే ప్రతి బాధనూ అర్థాల సమస్యగా కుదించడం ప్రమాదకరం. థైరాయిడ్ లోపం వల్ల కలిగే కుంగుబాటుకు ముందుగా కావలసింది రక్తపరీక్ష.

కెల్లీ చికిత్సా విధానాల్లో ఒకటి విచిత్రంగా తోస్తుంది. సన్నిహిత మిత్రుడెవరో రాసినట్టుగా తన గురించి తానే రాయమని ఆయన సహాయార్థిని అడిగేవాడు. దాన్ని చదివి, ఆ వ్యక్తికి నేరుగా వ్యతిరేకం కాని, వేరే ద్వంద్వాలతో లోకాన్ని చూసే కల్పిత పాత్రను మరో పేరుతో తయారుచేసి, కొద్ది వారాలపాటు ఆ పాత్రలా మెలగమనేవాడు. గడువు తీరాక దాన్ని వదిలేయవచ్చు. ఆ రోజుల్లో ఎదుటివారు తనతో ఎలా ప్రవర్తించారన్నది మాత్రం తరువాతి సంభాషణకు ముడిసరుకు అవుతుంది.