బిలియన్ విలువ: అపోహలు – వాస్తవాలు

విజయవాడలో ఆడిటర్లకూ, గుంటూరులో మిర్చి, పొగాకు ఎగుమతిదారులకూ ఇంగ్లీషు, జర్మన్ పత్రాలను తెలుగు చేసి ఇవ్వడం నా వృత్తి. ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడేది ఒప్పందాల్లోని న్యాయపరిభాష దగ్గర కాదు, బిలియన్ అనే మాట దగ్గర. పరిభాషలో తడబడితే వాక్యం చెడుతుంది గానీ, బిలియన్ దగ్గర తడబడితే విలువే వెయ్యి రెట్లు మారిపోతుంది.

అపోహ: బిలియన్ అంటే ఎప్పుడైనా, ఎక్కడైనా వంద కోట్లే.

వాస్తవం: నేటి ఇంగ్లీషులో అంతే. అయితే బ్రిటన్‌లో చాలాకాలం బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే మన లెక్కలో లక్ష కోట్లు. 1974 డిసెంబరులో ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలో, తన ప్రభుత్వం ఆ మాటను వెయ్యి మిలియన్లు, అంటే వంద కోట్లు అన్న అర్థంలోనే వాడుతుందని స్పష్టం చేశారు. అందువల్ల అంతకు ముందు బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకంలో ఈ మాట ఎదురైతే, పక్కన అంకెల్లో ఏముందో చూడకుండా వంద కోట్లు అని రాయకూడదు. జర్మన్, ఫ్రెంచి భాషల్లో నేడు ఆ పాత విలువే వాడుకలో ఉంది. జర్మన్ కొనుగోలుదారు పంపిన మార్కెట్ నివేదికలో ‘మిలియార్డె’ అని ఉంటే అది వంద కోట్లు. ‘బిలియోన్’ అని ఉంటే లక్ష కోట్లు. ఆ రెండో మాటను చూడగానే ఇంగ్లీషు బిలియనే అనుకొని తెలుగు చేసినవాళ్లు ఉన్నారు.

అపోహ: బిలియన్‌లోని ‘బి’ అంటే రెండు అన్నారు గానీ, ఆ రెండు ఈ సంఖ్యలో ఎక్కడా కనబడదు, పేరు ఊరికే పెట్టినది.

వాస్తవం: పేరు పెట్టిననాడు లెక్క సరిగ్గా కుదిరింది. లాటిన్‌లో వెయ్యిని ‘మిల్లె’ అంటారు. దానికి పెద్దది అనే అర్థమిచ్చే ప్రత్యయం చేర్చి ఇటలీవారు చేసుకున్న మాటే మిలియన్, అంటే పెద్ద వెయ్యి. 1484లో నికోలా షుకే అనే ఫ్రెంచి గణితజ్ఞుడు తన రచనలో మిలియన్‌ను మిలియన్‌తో హెచ్చిస్తే వచ్చేది బిలియన్ అనీ, మరొకసారి హెచ్చిస్తే ట్రిలియన్ అనీ వరుస పెట్టాడు. మిలియన్‌కు ఆరు సున్నాలు కనుక బిలియన్‌కు రెండు ఆర్లు పన్నెండు, ట్రిలియన్‌కు మూడు ఆర్లు పద్దెనిమిది. 1690లో తత్వవేత్త జాన్ లాక్ ఇంగ్లీషులో సంఖ్యల గురించి రాసినప్పుడు కూడా అంకెలను ఆరేసిగానే విభజించాడు. తర్వాత మూడేసి అంకెలకు ఒక పేరు చొప్పున లెక్కించే పద్ధతి బలపడి, బిలియన్ తొమ్మిది సున్నాలకు, ట్రిలియన్ పన్నెండు సున్నాలకు దిగాయి. పేర్లు పాతవే మిగిలాయి, వాటిలోని రెండుకూ మూడుకూ ఆధారమైన లెక్క మాత్రం పోయింది.

అపోహ: ఈ విలువను తగ్గించింది అమెరికన్లే.

వాస్తవం: మూడేసి అంకెల పద్ధతిని మొదట పాటించినవారు ఫ్రెంచివారే, అమెరికా దానిని వారి నుంచే తీసుకుంది. ఫ్రాన్స్ మాత్రం 1961లో అధికారికంగా పాత విలువకే మళ్లింది.

అపోహ: బిలియన్‌కు తెలుగులో మాట లేదు, కావాలంటే అర్బుదం అనవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ సంస్కృత మూలంలోని స్థానాల వరుసలో కోటి, దశకోటి తర్వాత పదో స్థానం శతకోటిది. అదే నేటి బిలియన్. ‘శతకోటి దరిద్రాలకు అనంతకోటి ఉపాయాలు’ అనే సామెత తెలిసిన వారెవరికీ ఈ మాటను కొత్తగా నేర్పనక్కరలేదు. అర్బుదం సంగతి వేరు. మహావీరుని వరుసలో అది వెయ్యి కోట్లు, భాస్కరాచార్యుని లీలావతిలో పది కోట్లు, దాని నుంచి వచ్చిన హిందీ ‘అరబ్’ వంద కోట్లు. ఒకే మాటకు మూడు విలువలున్నప్పుడు దానిని లెక్కల పత్రంలో వాడటం ప్రమాదకరం. నేను వంద కోట్లు అనే రాస్తాను.

అపోహ: సున్నాలు లెక్కపెట్టుకుంటే చాలు, పొరపాటు జరగదు.

వాస్తవం: సున్నాలు సరిగా ఉన్నా కామాలు తప్పుదారి పట్టిస్తాయి. ఇంగ్లీషు పత్రంలో 1,000,000,000 అని ఉన్నది మన పద్ధతిలో 1,00,00,00,000 అవుతుంది. కామాలు చెరిపి మళ్లీ పెట్టేటప్పుడే ఒక సున్నా జారిపోతుంది. అందుకే నేను కామాలను ముట్టుకోకుండా ముందు హెచ్చవేస్తాను: మిలియన్ల అంకెను 10తో హెచ్చిస్తే లక్షలు, బిలియన్ల అంకెను 100తో హెచ్చిస్తే కోట్లు వస్తాయి. 3.75 బిలియన్ డాలర్లు అంటే 375 కోట్ల డాలర్లు. వెంటనే చూడవలసింది ‘డాలర్లు’ అన్న మాట అలాగే ఉందా అని. కోట్లు అని రాయగానే చేయి అలవాటుగా రూపాయలు అని రాసేస్తుంది. రూపాయల్లోకి మార్చవలసి వస్తే, ఏ తేదీ మారకపు రేటు వాడామో ఆ పక్కనే రాయాలి.