ర్యాంప్ మీద కెమెరా: అపోహలు - వాస్తవాలు

శంషాబాద్‌లో విమానాల గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే సంస్థలకు ఫోటోలు తీయడం నా పని. ట్రైనింగ్ పుస్తకాల్లో, సేఫ్టీ పోస్టర్లలో వాడతారు. ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రాళ్లు నన్ను ముందు ఏ కెమెరా, ఏ లెన్స్ అని అడుగుతారు. నేనైతే ముందు ర్యాంప్ పని, అంటే విమానాలు ఆగి ఉండే చోట జరిగే పని, నేర్చుకోమంటాను. విమానం తన బే (ఆగే చోటు) మీదికి వచ్చినప్పటి నుంచి తిరిగి కదిలేదాకా ఎవరు ఏ పని ఏ వరసలో చేస్తారో తెలియనివాళ్లకు అక్కడ ఫోటో దొరకదు.

అపోహ: పాస్ చేతికొస్తే ఎక్కడైనా నిలబడి తీసుకోవచ్చు.

పాస్‌తో గేటు దాటగలం, అంతే. ఎంట్రీ పాస్‌ను పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఇస్తుంది, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు తనిఖీ చేస్తారు, కెమెరాకు అనుమతి విడిగా తీసుకోవాలి. లోపలికి వెళ్లాక ముందు చూడాల్సింది విమానం పైనా, పొట్ట కిందా ఉండే ఎర్ర బీకన్ లైటు. అది వెలిగి ఆరుతోందంటే ఇంజిన్లు తిరుగుతున్నాయి, లేదా తిరగబోతున్నాయి. ఇంజిన్ ముందు నిలబడితే లోపలికి లాగేస్తుంది, వెనక నిలబడితే విసిరేస్తుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే పక్కన ఏం వస్తోందో కనిపించదు, చెవుల్లో ప్లగ్స్ వల్ల బండి చప్పుడూ సరిగా వినపడదు. అందుకే ఎస్కార్ట్ పక్కన లేకుండా నేను అడుగు కదపను. లెన్స్ క్యాప్‌లు లోపలికి తీసుకెళ్లను. కింద పడ్డ ఏ చిన్న వస్తువైనా ఇంజిన్‌లోకి వెళ్తే బ్లేడ్లు దెబ్బతింటాయి.

అపోహ: రాత్రి పూట ఫ్లాష్ తప్పదు.

ఫ్లాష్ అసలు వద్దు. పైలట్ కళ్లు, సైగలతో విమానాన్ని నడిపించే మార్షలర్ కళ్లు చీకటికి అలవాటుపడి ఉంటాయి. ఇంధనం నింపుతున్నప్పుడైతే ఆ పరికరాలకు, రెక్కల దగ్గర ఇంధన ఆవిరి బయటికొచ్చే వెంట్లకు కనీసం 3 మీటర్ల లోపు ఫ్లాష్ నిషేధం. పోనీ వాడినా ఏమొస్తుంది? జాకెట్ మీది రిఫ్లెక్టివ్ పట్టీ తెల్లగా మండిపోతుంది, ముఖం నల్లగా మిగులుతుంది. ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచి, ఫ్లడ్‌లైట్ల వెలుతురులోనే తీయండి.

అపోహ: చూడదగ్గవి టేకాఫ్, ల్యాండింగే. నేల మీద ఏముంది?

ఉన్నదంతా నేల మీదే. పుష్‌బ్యాక్ సంగతే చూడండి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాన్ని టగ్ అనే బండి వెనక్కి నెట్టే ముందు ముక్కు చక్రం దగ్గర ఒక బైపాస్ పిన్ పెడతారు. దాంతో ఆ చక్రాన్ని తిప్పే హైడ్రాలిక్ శక్తి ఆగిపోతుంది, కాక్‌పిట్ స్టీరింగ్ టగ్‌కు అడ్డుపడదు. నెట్టడం అయిపోయి, టగ్‌ను విమానానికి కలిపే టో బార్ విప్పాక, హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఆ పిన్ తీసేసి, పైలట్‌కు కనపడేచోట పక్కగా నిలబడి, ఎర్ర రిబ్బన్ వేలాడుతున్న పిన్‌ను చెయ్యెత్తి చూపిస్తారు. పిన్ తీసేశాం, చక్రం ఇక మీ చేతిలో ఉంది అని దానర్థం. పైలట్ చెయ్యి ఊపుతాడు. అంతా కొద్ది సెకన్లే. ఆ మనిషి భుజం వెనక, కాస్త పక్కగా, అనుమతించిన గీత ఇవతల ముందే నిలబడి ఉంటే రిబ్బన్, కాక్‌పిట్ అద్దం రెండూ ఒకే ఫ్రేములో వస్తాయి. సరిగా రాలేదని “ఇంకోసారి ఎత్తు అన్నా” అని మాత్రం అడగొద్దు. అది పైలట్ చూసి నమ్మే సంకేతం, ఫోటో కోసం చెయ్యి ఎత్తించకూడదు. తర్వాతి విమానం దాకా ఆగండి.

లోడర్ల పని ఇంకా తక్కువమంది చూస్తారు. బోయింగ్ 737 కింది హోల్డ్‌లో, అంటే సామాను పెట్టే గదిలో, మనిషి నిలబడలేడు. మోకాళ్ల మీద కూర్చుని, బెల్ట్ మీద వచ్చే బ్యాగులను ఒక్కొక్కటే లాగి పేరుస్తాడు. బయట మే నెల ఎండ, లోపల చీకటి. కెమెరాకు వదిలేస్తే తెల్లటి విమానాన్ని చూసి ముఖాన్ని ఇంకా నల్లగా చేస్తుంది. నేను ముఖానికే ఎక్స్‌పోజర్ పెడతాను, బయటి తెలుపు పోతే పోనీ. మెడలో వేలాడే పాస్ మీది వివరాలు చదవడానికి వీల్లేకుండా చెరిపేస్తాను. సంస్థ ఒప్పుకోగానే ఆ ఫోటో లోడర్లకు పంపిస్తాను. “ఇంట్లో చూపించాలన్నా” అని అడిగేవాళ్లు ప్రతి షిఫ్టులో ఉంటారు. తాము చేసే పని ఇంట్లోవాళ్లకు కనపడే దారి వాళ్లకు ఇదొక్కటే.

అపోహ: షట్టర్ ఎంత వేగమైతే అంత మంచిది.

జెట్‌కు సరే. ఏటీఆర్ 72 ప్రొపెల్లర్ టేకాఫ్‌లో నిమిషానికి 1200 సార్లు, అంటే సెకనుకు 20 సార్లు తిరుగుతుంది. 1/1000 సెకనులో అది తిరిగేది 7 డిగ్రీలే. ఫోటోలో ప్రొపెల్లర్ రెక్కలు బిగుసుకుపోయి, ఇంజిన్ ఆగిన విమానం గాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. 1/125 దగ్గర దాదాపు 58 డిగ్రీలు తిరుగుతుంది. ప్రొపెల్లర్ ఆరు రెక్కల మధ్య దూరం 60 డిగ్రీలు కాబట్టి అవి తిరిగే వలయమంతా దాదాపు నిండుతుంది. నేల మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు షట్టర్ ఇంకా తగ్గించాలి.

అపోహ: పెద్ద లెన్స్ ఉంటే దూరం లెక్కే కాదు.

కాంక్రీటు వేడెక్కాక గాలి అలలు కడుతుంది, విమానం నీళ్లలో ఉన్నట్టు వంకరపోతుంది. దాన్ని ఏ లెన్సూ సరిచేయలేదు. డిసెంబరు, జనవరి ఉదయాలు మంచివి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం వైపు నుంచి తీస్తే విమానం మీద వెలుగు పడుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదట్లో దాకా మాత్రం మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు.

అపోహ: విమానాశ్రయంలో ఫోటో తీయడమే నేరం.

విమానంలో కూర్చున్న ప్రయాణికులు ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2020 సెప్టెంబరులో స్పష్టం చేసింది. గందరగోళం సృష్టించే రికార్డింగ్ పరికరాలు, సిబ్బంది వద్దన్న సమయాలు వేరే సంగతి. విశాఖలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగ లాంటి సైనిక విమానాశ్రయంలో దిగుతుంటే మాత్రం ఫోటోలు కుదరవు. కెమెరా, ఫోను రెండూ సంచిలోనే ఉంచండి. పాస్ లేకుండా విమానాలను దగ్గరగా చూడాలంటే బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు వెళ్లండి. 2024 జనవరిలో బోయింగ్ 777-9, ఎయిరిండియా ఏ350 రెండూ అక్కడే నిలిపారు. జనం పెరగకముందే చేరుకుంటే టగ్‌లు, చక్రాలకు అడ్డంగా పెట్టే చాక్స్, టో బార్‌లు కూడా తీరిగ్గా చూడొచ్చు. పక్కన ఉండే సిబ్బందిని అడిగితే ఏది ఎందుకో ఓపిగ్గా చెబుతారు.