స్ట్రోబ్ వెలగకపోతే తప్పు కేబుల్‌దేనా? ఫైబర్ ఆప్టిక్ ట్రిగ్గర్ మీద అపోహలు - వాస్తవాలు

నీటి అడుగు ఫొటోగ్రఫీలో ఫైబర్ కేబుల్ చేసే పని ఒక్కటే. హౌసింగ్ (కెమెరాకు నీరు తగలకుండా ఉంచే పెట్టె) లోపల కెమెరా ఫ్లాష్ కొట్టగానే ఆ వెలుగును ప్లాస్టిక్ దారం గుండా స్ట్రోబ్ (బయట ఆర్మ్ మీద బిగించే ఫ్లాష్) మీది సెన్సర్ దాకా మోసుకెళ్తుంది. అందులో కరెంటు లేదు, తుప్పు పట్టే కాంటాక్టులు లేవు. అయినా స్ట్రోబ్ మొరాయించగానే అందరి చెయ్యీ ముందు కేబుల్ మీదికే పోతుంది. లోపం మాత్రం ఎక్కువసార్లు దాని రెండు కొసల్లోనో, లేదంటే కెమెరాకూ స్ట్రోబ్‌కూ మోడ్ కుదరకపోవడంలోనో దొరుకుతుంది.

అపోహ: స్ట్రోబ్ మెరిసింది కాబట్టి ట్రిగ్గర్ సరిగ్గానే ఉంది. ఫొటో నల్లగా వస్తే ఎక్స్‌పోజర్ తప్పు.

వాస్తవం: మెరవడం వేరు, షట్టర్ తెరిచి ఉన్న క్షణంలో మెరవడం వేరు. కెమెరా ఫ్లాష్ టీటీఎల్‌లో (లెన్స్ గుండా వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ బలాన్ని కెమెరాయే నిర్ణయించే పద్ధతి) ఉంటే అసలు ఫ్లాష్‌కు ముందు, వెలుగు కొలుచుకోవడానికి చిన్న ప్రీ-ఫ్లాష్ ఒకటి కొడుతుంది. స్ట్రోబ్‌ను మొదటి మెరుపుకే వెలిగే మోడ్‌లో పెట్టి ఉంటే, అది తన బలాన్ని ఆ ప్రీ-ఫ్లాష్‌కే ఖర్చు పెట్టేస్తుంది. షట్టర్ తెరుచుకునేసరికి దానిలో చార్జ్ మిగలదు. కంటికి మెరుపు కనబడింది, ఫొటోలో చీకటి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. కెమెరా ఫ్లాష్ మాన్యువల్‌లో ఉండి ఒక్కసారే కొడుతుంది; స్ట్రోబేమో మొదటి మెరుపును వదిలేసి రెండోదాని కోసం కాచుకుని ఉంటుంది. ఆ రెండోది ఎప్పటికీ రాదు. వెంటవెంటనే తీస్తే కొన్ని స్ట్రోబులు ఒక ఫొటో విడిచి ఒక ఫొటోకి వెలుగుతాయి. ఆ వరస కనబడిందంటే కేబుల్ జోలికి పోనక్కర్లేదు, మోడ్ మార్చండి.

మూడోది ఇంకాస్త తికమక పెడుతుంది. స్ట్రోబ్ ఆప్టికల్ టీటీఎల్‌లో ఉంది, కెమెరా ఫ్లాష్ మాన్యువల్ 1/64లో (పూర్తి బలంలో 64వ వంతు) ఉంది. ఆ మోడ్‌లో స్ట్రోబ్ కెమెరా ఫ్లాష్‌ను అనుకరిస్తుంది. అది రెప్పపాటు వెలిగి ఆరితే ఇదీ అంతే. ప్రతి ఫొటోకీ వెలుగుతుంది కానీ అన్నీ మసక మసకగా వస్తాయి, పవర్ నాబ్ తిప్పినా పెద్ద తేడా ఉండదు.

మాన్యువల్‌లో తీసేవారికి స్థిరంగా పనిచేసే అమరిక ఇది: కెమెరా ఫ్లాష్ మాన్యువల్‌లో, స్ట్రోబ్ ప్రీ-ఫ్లాష్ లేని మాన్యువల్ మోడ్‌లో. రెడ్-ఐ రిడక్షన్ ఆపాలి, అది కూడా ముందుగా మెరుపులు పంపుతుంది. వైర్‌లెస్ కమాండర్ మోడ్ ఆపాలి, అది సంకేతాలుగా వరస మెరుపులు పంపుతుంది. సైలెంట్ లేదా ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా ఆపాలి, చాలా కెమెరాలు అందులో ఫ్లాష్‌నే అనుమతించవు. మెనూలో ఫ్లాష్ ఆప్షన్ బూడిద రంగులో కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అపోహ: పాప్-అప్ ఫ్లాష్ (కెమెరా మీద పైకి లేచే చిన్న ఫ్లాష్) ఎంత బలంగా కొడితే ట్రిగ్గర్ అంత నమ్మకం.

వాస్తవం: బలంగా కొట్టిన ఫ్లాష్ మళ్లీ చార్జ్ కావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఈలోగా చాలా కెమెరాలు షట్టర్ నొక్కనివ్వవు, లేదా ఫ్లాష్ లేకుండానే ఫొటో తీసేస్తాయి. కెమెరా బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. కనిష్ఠ పవర్‌తో మొదలుపెట్టి 20 ఫొటోలు తీయండి, ప్రతి ఫొటోకీ మధ్య స్ట్రోబ్ రెడీ లైట్ వచ్చేదాకా ఆగండి. ఒక్కటి తప్పినా పవర్ ఒక మెట్టు పెంచి మళ్లీ 20 తీయండి. మంచి కేబుల్‌తో 1/64 గానీ 1/32 గానీ సాధారణంగా సరిపోతుంది. 1/4 దాకా పెంచితే తప్ప వెలగడం లేదంటే వెలుగు దారిలో ఎక్కడో పోతోందన్నమాట.

అపోహ: కేబుల్ పొడవైతే వెలుగు తగ్గిపోతుంది.

వాస్తవం: ఎర్రటి వెలుగు మంచి ప్లాస్టిక్ ఫైబర్‌లో మీటరుకు నూటికి ఐదు వంతులకు మించి తగ్గదు. మనం వాడే మీటరు, మీటరున్నరకు అది లెక్కలోకి రాదు. అసలు నష్టం వంపుల్లో ఉంది. 1 మిల్లీమీటరు ఒంటి కోర్ (వెలుగు ప్రయాణించే లోపలి దారం), 2.2 మిల్లీమీటర్ల తొడుగు ఉన్న మామూలు కేబుల్‌ను సుమారు 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగుతుగా వంచితే వెలుగు పక్కలకు కారిపోతుంది. ఆర్మ్ క్లాంప్ కింద నలిగిన చోట, ప్లగ్ నుంచి బయటికి రాగానే మడత పడిన చోట, బిగించి కట్టిన జిప్ టై దగ్గర జరిగేది ఇదే. ఆర్మ్‌ను అన్ని దిక్కులకూ తిప్పి చూసి, ఏ కోణంలోనూ కేబుల్ లాగినట్టు కాకుండా వదులు ఉంచండి.

613 సన్నని కోర్లున్న కేబుల్‌కు ఇక్కడే విలువ. తిన్నగా ఉన్నప్పుడు ఒంటి కోర్‌కీ దానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు, వంపుల్లో మాత్రం బాగా నిలబడుతుంది. ఎల్ఈడీ ట్రిగ్గర్ (కెమెరా ఫ్లాష్‌కు బదులు ఎల్ఈడీ మెరుపుతో స్ట్రోబ్‌కు సంకేతం పంపే పరికరం) వాడేవారికి ఇది మేలు, ఎందుకంటే ఎల్ఈడీ వెలుగు పాప్-అప్ ఫ్లాష్ ముందు చాలా తక్కువ.

అపోహ: కొస ఎలా కత్తిరించినా ఫర్వాలేదు, వెలుగే కదా.

వాస్తవం: కటింగ్ ప్లయర్‌తో నొక్కి తెంచితే కోర్ నలిగి తెల్లబడుతుంది, ఆ తెలుపు వెలుగును చెల్లాచెదురు చేస్తుంది. కొత్త బ్లేడు తీసుకుని, గట్టి బల్ల మీద కేబుల్‌ను పెట్టి, నిటారుగా ఒకే ఒత్తుతో కోయండి. తర్వాత 1000, ఆపై 2000 గ్రిట్ వాటర్ పేపర్ మీద నీళ్లు చల్లి, కొసను నిలువుగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. రెండో కొసను దీపం వైపు పెట్టి ఈ కొస చూడండి. నిండు చుక్కలా ఒకే తీరున వెలగాలి. నెలవంకలా ఒక పక్కే వెలిగితే కోత వాలుగా పడింది, మళ్లీ కోయాలి. కొసను అసిటోన్‌తో తుడవకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. ఆల్కహాల్‌తో సన్నని పగుళ్లు రావచ్చు. మంచినీళ్లు, నూగు రాలని గుడ్డ చాలు.

ప్లగ్ లోపల కొస ఎంతవరకు వెళ్లిందన్నదీ చూడాలి. తొడుగు జారి కోర్ రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పోతే బయటినుంచి ఏమీ తెలియదు, వెలుగు మాత్రం సెన్సర్‌కు అందదు.

అపోహ: ప్లగ్‌లోకి నీళ్లు వెళ్తే పని చెడుతుంది, అందుకే గ్రీజు పూయాలి.

వాస్తవం: అది ఎలక్ట్రికల్ సింక్ కార్డ్ (కరెంటు సంకేతంతో స్ట్రోబ్‌ను వెలిగించే తీగ) భయం, ఇక్కడికి వలస వచ్చింది. నికోనోస్ 5-పిన్ లాంటి కనెక్టర్‌లోకి నీరు చేరితే కాంటాక్టులు పాడవుతాయి. ఫైబర్ ప్లగ్ తడిసినా ఏమీ కాదు. పైగా నీళ్లలో ఫైబర్ కొసనుంచి వచ్చే వెలుగు గాల్లో కన్నా తక్కువగా విచ్చుకుంటుంది, సెన్సర్‌కు అది మేలే. చేటు చేసేవి ఇసుక, ఎండిన ఉప్పు, మీరు పూసిన గ్రీజు. నీళ్లలో దిగాక ప్లగ్‌ను ఒకసారి తీసి పెడితే లోపల చిక్కిన గాలి బుడగ కూడా పోతుంది.

అపోహ: ట్రిగ్గర్ ఎల్ఈడీ ఏ రంగైనా ఒకటే.

వాస్తవం: సిలికాన్ సెన్సర్‌కు ఇన్‌ఫ్రారెడ్ అంటే ఇష్టం, ప్లాస్టిక్ ఫైబర్‌కేమో అది గిట్టదు, దారిలోనే మింగేస్తుంది. నీలం వెలుగు ఫైబర్‌లో హాయిగా వెళ్తుంది కానీ సెన్సర్ దాన్ని అంతగా లెక్కచేయదు. 650 నానోమీటర్ల దగ్గరి ఎరుపు ఇద్దరికీ ఆమోదమైన రాజీ.

ఇంకొన్ని, క్లుప్తంగా. ఫైబర్ వల్ల ట్రిగ్గర్ ఆలస్యమవుతుందన్నది నిజం కాదు, మీటరు దాటడానికి వెలుగుకు 5 నానోసెకన్లు పడుతుంది. ఫైబర్ పెట్టినంత మాత్రాన సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ వేగం) పెరగదు, దాన్ని నిర్ణయించేది షట్టర్. రెండో స్ట్రోబ్ మొదటిదాన్ని చూసి వెలుగుతుందిలే అని కేబుల్ మానేస్తే, మడ్డి నీళ్లలోనో రెండూ ముందుకు చూస్తున్నప్పుడో అది వెలగదు. పక్క డైవర్ ఫ్లాష్‌కు మాత్రం వెలుగుతుంది. లోతు తక్కువ చోట ఎండ నేరుగా సెన్సర్ మీద పడినా స్ట్రోబ్ మందగించవచ్చు, దాని చుట్టూ నల్లటి తొడుగు ఉండాలి.

వెతుకులాట గట్టు మీదే, ఈ వరసలో చేయండి. స్ట్రోబ్ టెస్ట్ బటన్ నొక్కండి, వెలగకపోతే బ్యాటరీలు చూడండి. హౌసింగ్‌లో పెట్టకుండా కెమెరా ఫ్లాష్‌ను నేరుగా సెన్సర్ వైపు కొట్టండి. ఫోన్ టార్చ్‌తో ప్రయత్నించకండి, దాని వెలుగు స్ట్రోబ్‌ను లేపేంత చురుగ్గా లేవకపోవచ్చు. కెమెరాను హౌసింగ్‌లో పెట్టి, షట్టర్ నొక్కుతూ కేబుల్ రెండో కొసను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, స్పష్టమైన చుక్క పడాలి. పడకపోతే కేబుల్‌ను హౌసింగ్ రెండో పోర్ట్‌లోకి మార్చండి. అక్కడ పడితే మొదటి పోర్ట్ కిటికీ మీద మరకో, లోపల ఫ్లాష్ పూర్తిగా పైకి లేవకపోవడమో కారణం. ఆఖరున అద్దం ముందు నిలబడి స్ట్రోబ్‌ను ఫొటో తీయండి. అందులో స్ట్రోబ్ ముఖం తెల్లగా వెలిగి కనబడితే టైమింగ్ కూడా కుదిరినట్టే. మామూలుగా, ఆరినట్టు కనబడితే మోడ్ స్విచ్ దగ్గరికి తిరిగి వెళ్లండి.